ఓవర్‌హెడ్ క్రేన్ మీద నీ కోడలు

అత్తా, బాగున్నావా?

నువ్వు వెళ్ళిపోయి ఆరు నెలలు దాటింది. ఈ మాట అందరికంటే ముందు నీకే చెప్పాలనుకున్నాను... క్రేన్ సీటు నాకే ఇచ్చారు!

గుర్తుందా, మా ఫ్యాక్టరీ షెడ్డులో పాత ఆపరేటర్ రిటైరైనప్పుడు నేను నేర్చుకుంటానని అడిగాను. అప్పటికి నా పని చీపురు పట్టడం, ఇనుప రజను ఎత్తిపోయడం. సూపర్‌వైజర్ నవ్వలేదు, కసరలేదు. కిందనుంచి అన్నీ ఇంగ్లీషులోనే అరుస్తారనీ, ఒక్క మాట తప్పుగా వింటే మనిషి పోతాడనీ అన్నాడు. ఏడో తరగతితో ఆపేసినదాన్ని... ఇంటికొచ్చి కడిగిన బియ్యమే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను.

నువ్వే అడిగి అడిగి సంగతి చెప్పించావు. "మీ మామ బోను లిఫ్టెక్కి గనిలోకి దిగినాడే, ఆయప్ప ఏం చదివినాడు? డౌన్ అంటే దిగినాడు, అప్ అంటే వచ్చినాడు. నువ్వూ నేర్చుకుంటావు పో" అన్నావు.

మర్నాటి నుంచి వంటిల్లే బడి. మా పాప పుస్తకంలో చూసి అర్థం చెప్పేది, నువ్వు గరిటె ఎత్తి చూపించేదానివి. పొయ్యి పైనున్న అటక అబవ్. గోడ దూకే పిల్లి ఓవర్. నెత్తిమీది రేకులు ఓవర్‌హెడ్. బైరకూరు చేలల్లో పెరిగి, సంతకం కూడా రానిదానివి... నాకు ఇంగ్లీషు పంతులమ్మవయ్యావు!

ఓవర్ దగ్గరే నేను ఆగిపోయేదాన్ని. గని మూసేసిన రోజు మన కూలీల లైనిళ్ళన్నీ ఆ మాటే అన్నాయి కదా, అంతా ఓవర్ అని. అయిపోవడానికీ, పైనుండడానికీ ఒకే మాటేమిటి? నువ్వు గరిటె దించలేదు. "అది వాళ్ళ ఓవరు. ఇది మనది. ఇంగోసారి చెప్పు" అన్నావు.

ఆ వానల్లోనే నీకు దగ్గు పట్టుకుంది. ఆస్పత్రి మంచం మీద కూడా వేలు పైకెత్తి అడిగావు. ఏడుస్తూనే చెప్పాను... ఓవర్‌హెడ్. నీకు వినపడిందా?

మాటలన్నీ వచ్చాక సూపర్‌వైజర్ ఒప్పుకుని క్రేన్ నడపడం నేర్పించాడు. పోయిన శుక్రవారం పరీక్ష పెట్టారు. బయటి ఊరినుంచి ఆఫీసరు వచ్చాడు. నిచ్చెనెక్కి కేబిన్‌లో కూర్చున్నాను. కొక్కేనికి పెద్ద ఇనుప రోలరు తగిలించారు. ఎత్తి, మెల్లగా షెడ్డు ఆ కొసకు నడిపిస్తున్నాను. నా చూపంతా కింద వేలాడే రోలరు మీదే.

సగం దూరంలో, కింద నిలబడి నాకు సైగలు చేసే మునెప్ప ఒక్కసారిగా గొంతు చించుకున్నాడు. "మ్యాన్ అబవ్! ఓవర్‌హెడ్!"

ఆ మాటలు తెలియకపోతే కిందే వెతికేదాన్ని కదా? చేయి క్రేన్‌ను ఆపేసింది. తలెత్తి చూశాను. క్రేన్ నడిచే పట్టాల మీద, బల్బు మార్చడానికెక్కిన ఎలక్ట్రీషియన్! పరీక్ష సంగతి అతనికి ఎవరూ చెప్పలేదట. మా ఇద్దరి మధ్య ఒక మంచం పట్టేంత జాగా... అంతే.

అతను దిగేదాకా ఆగి, రోలరును గీత గీసిన చోటే దించాను. షెడ్డులో అందరూ చప్పట్లకు బదులు స్పానర్లతో ఇనుము మీద మోగించారు అత్తా! ఎలక్ట్రీషియన్ తన టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. సోమవారం నుంచి సీటు నాదేనన్నాడు సూపర్‌వైజర్.

సాయంత్రం బెంగళూరు రైలు దిగి వచ్చిన మీ అబ్బాయి, ఈ కబురు విని, "మా ఆమె ఓవర్‌హెడ్!" అని లైనంతా కేకలేసుకుంటూ తిరిగాడు. ఓవర్ దాకానే విన్న పక్కింటి మేరమ్మ పరుగున వచ్చింది, నాకేమైందోనని. నేను ముద్ద నోట్లో పెట్టుకుని కనిపించేసరికి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి పాపం.

చీపురు పనిలో ఉన్న ఇద్దరమ్మాయిలు నిన్న నా దగ్గరికొచ్చారు, తామూ నేర్చుకుంటామని. వాళ్ళను కూడా పైకెక్కిస్తాను. నీకు మాటిస్తున్నాను.

షిఫ్టు సైరన్ కూసింది అత్తా... ఎక్కుతున్నాను.

నీ కోడలు
సుగుణ