డకోటాకి పట్టే పెట్టె

1961 నవంబరు 2, గురువారం

టికెట్టు వచ్చింది. మా ఊరి ఏరోడ్రోమ్ సోనారి నుంచి కలకత్తా, అక్కడి నుంచి బొంబాయి. రెండూ విమానాలే. క్లబ్బు సెక్రటరీ చేతికిచ్చి, "సైకిల్ సంగతి మీరే చూసుకోండి" అన్నాడు.

అసలు సంగతే అది. నిరుడు రైల్లో, బ్రేక్ వ్యాన్‌లో వేశాం. దారిలో ఎవరిదో ట్రంకుపెట్టె దాని మీద పడేశారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగిపోయింది. అంత దూరం వెళ్లి పందెం గ్యాలరీలో కూర్చుని చూశాను. వేరుశనక్కాయలు తిన్నాను. బాగానే ఉన్నాయి.

ఈసారి రైలుకి టైము లేదు. స్కూల్లో ఇన్‌స్పెక్షన్. హెడ్మిస్ట్రెస్ ఇచ్చిన సెలవు రానూపోనూ రైలుకే సరిపోతుంది. నాకు ఇరవై ఏడు నిండాయి. ఆడవాళ్ల పందెం వచ్చే ఏడు ఉంటుందో లేదో పెట్టేవాళ్లకే తెలీదు. కాబట్టి సైకిల్ ఒక్క వంకర లేకుండా దిగాలి. అంతే.

నవంబరు 4, శనివారం

బిష్టుపూర్. విమానం టికెట్ల ఆఫీసు. ఘోష్ బాబు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "సైకిల్? హవాయీ జహాజ్ మే?"

పెద్ద ఆఫీసుకి ఫోను చేసి కనుక్కున్నాడు. ఇక్కడికొచ్చే డకోటా విమానానికి సామాన్ల తలుపు ఎత్తు ముప్పై అంగుళాలు. "తీస్ ఇంచ్ సే ఏక్ సూత్ భీ జ్యాదా, తో నహీ జాయేగా, దీదీ." ముప్పైకి వెంట్రుకవాసి ఎక్కువైనా పోదట. బరువు మాటెత్తితే నవ్వేశాడు. నేను బక్కగా ఉన్నానట, సైకిల్‌తో కలిపి తూచినా ఒక సేఠ్ అంత ఉండనట.

ఇక దేంట్లో పెట్టాలన్నది —

గోనెసంచి చుట్టమంది అమ్మ. అమ్మ లెక్కలో ప్రపంచంలో ప్రతిదానికీ గోనెసంచి సరిపోతుంది.

అట్టపెట్టె... సైకిల్ కొట్టు సర్దార్జీ ఊరికే ఇస్తానన్నాడు. నాలుగు చినుకులు పడితే నానిన అప్పడమే.

కాన్వాసు సంచి. తేలిక. కానీ పైన ఇంకో ట్రంకుపెట్టె పడితే నిరుటి కథే.

చెక్కపెట్టె. దాన్ని మించింది లేదు. చేసే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. నాతో మాట్లాడడు.

నవంబరు 5, ఆదివారం

చర్చి అయ్యాక భోజనం. పులుసుగిన్నె నా మోచేతి దగ్గరే ఉంది. మావయ్య తన అక్క వైపు, అంటే అమ్మ వైపు తిరిగి — "దానికి సెప్పప్పా, గిన్నె ఇటు జరపమని."

జరిపాను. ఏడాదిగా ఇదే వరస. నిరుడు ఊళ్లో పందెం గెలిచి, పేపర్లో నిక్కరుతో నా ఫొటో పడినప్పటి నుంచి. నాన్న పోయాక అమ్మనీ నన్నూ బొబ్బిలి నుంచి తీసుకొచ్చి, తను పెళ్లి కూడా మానుకుని పెంచిన మనిషి. కోపం వస్తే అరవడు. మధ్యలో ఒక మనిషిని పెట్టుకుంటాడు. అది అరుపు కంటే కష్టం.

నవంబరు 8, బుధవారం

అమ్మ అడిగేసిందట, నాకు చెప్పకుండా. వంటింట్లోంచి విన్నాను. మావయ్య టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత — "సర్చీలో ఎవురు పోయినా పెట్టి నానే సేత్తన్నాను. సైకిల్‌కి సెయ్యనేనేటి?"

నవంబరు 11, శనివారం

పెరట్లో పని మొదలైంది. టేకు కాదు, తూన్ చెక్క. తేలిక, పైగా పురుగు పట్టదు. సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కోడలిని చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా. కొలిచాడు. చెవిమీద పెన్సిలు. తలుపు ఎత్తు చెప్పాను — అమ్మకి చెప్పినట్టుగా, గట్టిగా.

"ఆ పెడళ్లిప్పు."

నాతోనే. చుట్టుపక్కల అమ్మ లేదు. వెనక్కి తిరిగి మరీ చూసుకున్నాను.

"ఏటలా సూత్తన్నావు? ఎడందాన్ని ఉల్టా తిప్పాల."

ఎడమ పెడల్ మర ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. ముందు తప్పువైపు తిప్పాను. "అటు కాదే, ఇటు" అని పానా లాక్కుని తనే తిప్పాడు. హాయిగా అనిపించింది.

నవంబరు 12, ఆదివారం

పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, గొంతు తగ్గించి — "ఎవరికమ్మా?"

"సైకిల్‌కి" అంది అమ్మ.

నవంబరు 14

పందేనికి వేసుకునే బట్టల గురించి మావయ్య అడిగాడు. నిక్కరు అనలేదు. "అక్కడ సలిగా ఉంటాదా?" అన్నాడు. బొంబాయిలో చలి ఉండదని చెప్పాను. "సరే మరి" అన్నాడు. అంతే. ఏడాది గొడవ అలా అయిపోయింది.

నవంబరు 16, గురువారం

పెట్టె అయింది.

మూలలు ఒకదాంట్లో ఒకటి అల్లుకున్నాయి, ఒక్క మేకు కనపడదు. లోపల కంబళి ముక్కలు. చక్రాలకి వేరే అర. ఫోర్కు కొసలు లోపలికి నొక్కుకోకుండా మధ్యలో బిగించడానికి చిన్న చెక్కముక్క — చేత్తో పట్టుకుంటే సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. మూత మీద తెల్లరంగుతో నా పేరు. పేరు ముందు 'కుమారి' కూడా.

"గోరెట్టి సూడు, ఎక్కడైనా దూరతాదేమో."

దూరలేదు.

డిసెంబరుతో రిటైరవుతున్నాడు. కార్ఖానా ప్యాటర్న్ షాపులో, ఉక్కు పోతకి నమూనాలు చేసే చోట, ఇన్నేళ్లలో తన చెక్క నమూనా ఒక్కటీ వెనక్కి రాలేదని ఈ వేళ మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పినా వినేదాన్ని. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది రాయకుండా ఉండలేకపోయాను.

నవంబరు 18, శనివారం

అమ్మ దర్జీ టేపుతో పెట్టె ఎత్తు ఊరికే కొలిచాను. ముప్పై దాటి పావు పైన.

టేపు సాగిందనుకున్నాను. స్కూలు నుంచి చెక్కస్కేలు తెచ్చాను. అంతే వచ్చింది. మావయ్య డ్యూటీకి పోయాడు. షాపు స్కేలు పనిబల్ల మీదే మరిచిపోయాడు, ఎప్పుడూ జేబులో ఉండేదాన్ని. దాంతో కొలిచాను. ముప్పైకి పావు తక్కువ. అచ్చంగా ఆయన చెప్పినంత.

రెండు స్కేళ్లూ పక్కపక్కన పెట్టాను. ఆయన అడుగు నా అడుగు కంటే పొడుగు.

చిన్నప్పుడు ఆయనే చెప్పాడు నాకు. కరిగిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని నమూనా కాస్త పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టే పని లేకుండా, ప్యాటర్న్ వాళ్ల స్కేలు మీద అంగుళాలే పెద్దవిగా గీసి ఉంటాయి. ఇంటి పనికి మడత స్కేలు వాడతాడు. ఈసారి చెయ్యి జేబులోకి పోయింది. పెట్టె చల్లారదు కదా... చెక్క చెక్కే.

చిత్రిక పట్టి తగ్గించొచ్చా? చూశాను. అంత తీస్తే మూలల అల్లిక తెగిపోతుంది. మళ్లీ చెయ్యాలంటే టైము లేదు. టైమున్నా, ఎందుకు మళ్లీ చెయ్యాలో చెప్పాలి.

స్కేలు తీసిన చోటే పెట్టాను.

నవంబరు 19, ఆదివారం

చెప్పాను. "బరువెక్కువైందట మావయ్యా. ఒప్పుకోరట."

"ఎంతెక్కువంట?"

"చాలా."

"అడుగుబల్ల తీసేసి పట్టీలేత్తాను. మూతకి బెజ్జాలెడతాను. ఎంతసేపు?"

బాధగా లేదు ఆయన మొహం. హుషారుగా ఉంది. అదీ కష్టం. "వద్దు మావయ్యా, కాన్వాసు సంచీ కుట్టించుకుంటాను, అదే నయం" అన్నాను.

పెట్టె వైపు చూశాడు. నా వైపు చూశాడు. లోపలికి పోయాడు. కాసేపటికి వినిపించింది — "దానికి సంచీయే నయమంటప్పా. మన పనులు దానికానవు."

నవంబరు 20, సోమవారం

బిష్టుపూర్ బజార్లో టార్పాలిన్లు కుట్టే మియా. రెండు పొరలు, తోలు పట్టీలు. బుధవారానికి ఇస్తానన్నాడు. లోపల వెయ్యడానికి అమ్మ పాత బొంత చింపి ఇచ్చింది. చింపుతూ — "నిజం చెప్పేయొచ్చు కదే." అమ్మకి చెప్పాల్సి వచ్చింది, చెప్పాను.

"రిటైరయ్యే ముందా?" అన్నాను.

అమ్మ ఇంకో ముక్క చింపింది.

నవంబరు 21

పొద్దున ఏరోడ్రోమ్ రోడ్డు మీద తొక్కాను. కాళ్లు బాగున్నాయి. ఇంట్లో పెట్టె మీద ఎవరో వడియాలు ఆరబోశారు. ఎవరో ఏమిటి, అమ్మే. తీసేయమన్నాను.

నవంబరు 22, బుధవారం

సంచీ వచ్చింది. హ్యాండిల్ తిప్పి ఫ్రేముకి కట్టాను. గొలుసుకి గుడ్డ చుట్టాను. చక్రాలు చెరోపక్క, మధ్యలో బొంత. ఫోర్కు దగ్గర ఆగాను. పెట్టెలోంచి ఆ చెక్కముక్క తీసుకుని బిగించాను. సరిగ్గా కూర్చుంది. అది చిన్నది, దాని మీద స్కేలు తేడా పడలేదు.

సాయంత్రం అమ్మ చెప్పింది, మావయ్య డ్యూటీ దిగి తిన్నగా బిష్టుపూర్ వెళ్లాడట. "బరువుకి ఒప్పుకోనోడెవుడో నాను సూత్తాను" అన్నాడట. ఘోష్ బాబుతో దెబ్బలాడ్డానికి.

 బరువెక్కువని ఘోష్ బాబు ఏనాడూ అనలేదు. ఎత్తు మాటే అన్నాడు.

మావయ్య వచ్చాడు. సైకిల్ గోడకి ఆనించాడు. పెట్టె దగ్గర నిలబడి జేబులోంచి స్కేలు తీశాడు. కొలవలేదు. దాని అంచుని బొటనవేలితో తడిమాడు, చిన్న అక్షరాలు చదివేవాడిలా. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"దానికి సెప్పు" అని కూడా అనలేదు. అన్నం తినలేదు.

నవంబరు 23, గురువారం. కలకత్తా, డమ్‌డమ్

బొంబాయి విమానానికి ఇంకా టైముంది. బెంచీ మీద రాస్తున్నాను.

పొద్దున సోనారిలో ఘోష్ బాబు, ఇద్దరు కూలీలు, మేం ప్రయాణికులం కొద్దిమందిమి. అమ్మ వంట మానుకుని వచ్చింది. మావయ్య రాడనుకున్నాను. సైకిల్ మీద వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. ఎవరితోనూ మాట్లాడకుండా సంచీ ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర నేను. బండి మీద పెట్టాం.

కూలీ సంచీని తలుపులోకి తోశాడు. సునాయాసంగా పోయింది. పైన జానెడు చోటు మిగిలింది. మావయ్య ఆ చోటు వంకే చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు."

తల ఊపాను.

"బయ్యమేసి సెప్పనేదా? జాలేసి సెప్పనేదా?"

"భయమే మావయ్యా" అన్నాను. జాలి మాట ఆయన మళ్లీ అనకముందే, వెంటనే అన్నాను. అంత వెంటనే అనకుండా ఉండాల్సింది.

అమ్మ చీర కొంగు సర్దుకుంటోంది. ఎక్కమని పిలిచారు. మెట్ల దాకా నాతో వచ్చాడు. కూలీ వెళ్లిపొమ్మంటున్నా వినలేదు. నేను ఒక మెట్టు ఎక్కాక, వెనకనించి, నెమ్మదిగా —

"నన్ను సూసి బయ్యమేటే నీకు? ఏనాడైనా ఒక్క దెబ్బేసేనా?"

వెనక్కి తిరిగేసరికి ఘోష్ బాబు ఆయన భుజం పట్టుకుని కంచె వైపు తీసుకెళ్తున్నాడు.

ఇక్కడ సంచీ దించగానే విప్పి చూసుకున్నాను. ఫోర్కు తిన్నగా ఉంది. చక్రాలు తిరుగుతున్నాయి. ఎల్లుండి పందెం. మొదటి చుట్టులో ముందుకు పోకూడదు, గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి...

వెయ్యలేదు. ఏనాడూ ఒక్క దెబ్బ వెయ్యలేదు.