మగపత్తి మడి

సెప్టెంబర్ 3
మళ్లీ అదే మరియమ్మ. గట్టు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది, కూలీలంతా ఆమె వెనకే. "ఎండ తగ్గినంక దిగుతం పటేలా." సీడు పత్తి ఎవరి ఎండ కోసమూ ఆగదు. చీకటి పడేలోపు ఆడమొక్కల మొగ్గల్లో పుప్పొడి భాగం గిల్లేయాలి, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. గిల్లకపోతే మొగ్గ తనంతట తానే విచ్చుకుంటుంది — ఆ కాయ విత్తనానికి పనికిరాదు. తెలుసు ఆమెకు. అందుకే ఆ పొగరు.

సెప్టెంబర్ 5
బాలప్ప పోయాడు. మరియమ్మ మామ. నాయన దగ్గర చిన్నప్పటి నుంచి జీతమున్న మనిషి. వెట్టి రద్దయిందని సర్కారు చెప్పాక కూడా మా కొట్టంలోనే పడుకున్నాడు. నన్ను భుజాల మీద మోశాడు. బాధ లేదా, ఉంది... కానీ ఇప్పుడే పోవాలా?
చేన్లో ఒక్కరూ లేరు. నిన్న గిల్లిన మొగ్గలన్నీ రాలిపోతాయి.

సెప్టెంబర్ 6
వాళ్ల వాడకు వెళ్లాను, పనికి పిలుద్దామని. శవం ఇంటి ముందే, ఫ్రీజర్ పెట్టెలో. బాలప్ప కొడుకు పూణె నుంచి రావాలట. మరియమ్మ లేవను కూడా లేవలేదు.
"మా అత్త పక్కన్నే బొంద పెడతం. జాగ ఇడువు."
అత్త పక్కన అంటే వాగు ఒడ్డు మడి. వాళ్ల గోరీలు అక్కడే ఉండేవి. ఈ ఏడు దున్నించి మగపత్తి పెట్టాను. పట్టా నాది!
"పంట పీకమంటవా?"
"గోరీలు పీకినప్పుడు మమ్ముల అడిగినవా?"
పటేలా అనలేదు ఈసారి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కరూ తల దించుకోలేదు.
ఇంటికొస్తే మూలిగే నక్క మీద తాటిపండు — అమ్మ. "ఆ జాగ గోరీలకేనని మీ నాయిన మాటిచ్చిండురా ఆల్లకు. సచ్చినోని మన్ను కాడ కొట్లాడతరా ఎవరన్న?"
చస్తే ఇవ్వను.

సెప్టెంబర్ 7
బిజినేపల్లి నుంచి కూలీలను జీపులో దింపించాను. దారిలో శవపెట్టె చూశారు. చేన్లో దిగడానికి వాళ్ల మేస్త్రీ చెప్పులు కూడా విప్పలేదు. "శవం లేవని ఊర్ల మేం చేను ముట్టం సారు." జీపు తిరిగిపోయింది. నా పగవాడికి కూడా వద్దు ఈ వ్యవసాయం.
విత్తనం కొనే కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్: "ఆడమొక్కల్ల పువ్వు విచ్చుకుంటే మీ విత్తనం లాట్ తీస్కోరు సార్. మల్ల నన్ననొద్దు."

సెప్టెంబర్ 8
ఇచ్చాను. రెండు సాళ్లు. అమ్మతో చెప్పి పంపాను, నేను వాడకు పోలేదు.
పూలతో సహా పీకేశారు. పాస్టర్ ప్రార్థన చేశాడు, బాలప్పను మన్నులో పెట్టారు. నేను గట్టు మీదే... ఒక పిడికెడు మన్ను వెయ్యమని ఎవరూ పిలవలేదు. నేనే అడగాలా?
పోతుంటే మరియమ్మను ఆపాను. "అయిపాయె గదా. సాయంత్రం దిగుతరా?"
"ఇది ఒక్కటే గోరీ. తక్కినయి యాడున్నయో సూపియ్యి. గప్పుడు దిగుతం."
ఏమని చూపించను? దున్నించిన రోజే రాళ్లన్నీ వాగులో పోయించాను.

సెప్టెంబర్ 9
చేనంతా పువ్వు విచ్చుకుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లగా. దారిన పోయేవాడెవడో బండి ఆపాడు. "అబ్బ, ఏం పూసింది పటేలా!" పళ్లు రాలగొట్టాలనిపించింది.
వాగులోకి దిగాను. మోకాళ్ల లోతు నీళ్లు. ఏ రాయి గోరీదో, ఏ రాయి వాగుదో...