కర్నూల్లో మన మకాం

అన్నా,

కర్నూలు సత్రంలో కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. ఒకప్పుడు ఇది మన రాజధాని అని ఎమ్మిగనూరు బడిలో పిల్లలకు చెప్పేవాడివి. మనం మాత్రం ఎప్పుడూ ఇక్కడ బస్సు మారి వెళ్లిపోయినవాళ్లమే. "మూడు దినాలు ఆడ మకాం పెడదాం రా. ఆలంపురం, యాగంటి, సంగమేశ్వరం అన్నీ చూసొద్దాం" అనేవాడివి. ఆదోనిలో పత్తి సీజన్ అయిపోనీ అంటూ నేనే ఏటికేడు వాయిదా వేశాను.

ఇప్పుడు ఇద్దరం వచ్చాం. అస్థికలు గడప దాటించకూడదు కదా, నీ ముంతను గుడ్డలో మూటగట్టి వాకిట్లో వేపకొమ్మకు కట్టాను. కాస్త గాలి వీచినా, కోతి కదిలినా లేచి వెళ్లి ముడి చూసి వస్తున్నాను. ఇప్పటికి పదిసార్లయింది.

సత్రం వాచ్‌మన్ మూట చూసి, "యాడ కలుపుతావప్పా?" అన్నాడు.

"సంగమేశ్వరంలో. ఆ గుడి సూడాలని మా అన్నకు శానా ఆశ."

"డ్యాం కట్టినాక అది మునిగిపోయింది కదప్పా. ఈ కాలంలో శిఖరం గూడా కనపడదు."



రేపు పొద్దున్నే బస్సు. నేను గట్టు మీదే ఆగిపోతాను. గుడిదాకా నువ్వొక్కడివే పోయి చూడు అన్నా.