లేని గొడవకు రాజీ

అక్కయ్యా, మన చిట్టి ఎవరినీ వెక్కిరించలేదు! లోకమంతా చూస్తుండగా తేలిపోయింది. దాని తరఫున ఎవరూ వాదించలేదు, దాని ముఖమే సాక్ష్యం చెప్పింది.

చూశావా, సంతోషంలో మర్యాద మరిచిపోయాను. మొదట రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. తల్లి తర్వాత తల్లివైన నీకు తమ్ముడు వంగి నమస్కరించి రాసేది ఏమిటంటే, ఇక్కడ నేను, నీ మరదలు, చిట్టి, మన కటింగ్ షాపులో కిర్రుమనే పాత కుర్చీతో సహా అందరం క్షేమం. అక్కడ బావగారు బాగున్నారని, నీ మోకాళ్లు నీ మాట వింటున్నాయని తలుస్తాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా నేను ఆనందంతో ఏడుస్తాను, నువ్వు కోపంతో పెట్టేస్తావు. ఉత్తరమైతే చదవకుండా ఉండలేవని నాకు తెలుసు. చిన్నప్పుడు పొట్లాలు కట్టిన కాగితాలు కూడా వదిలేదానివి కాదు.

నీ ఉత్తరం అందింది. చిట్టి వెళ్లిన జుట్టు కత్తిరింపుల పోటీ కబుర్లు చూసి, టీవీ తీగ పీకి దాన్ని గోడవైపు తిప్పేశానని రాశావు. అందుకే ఆ తర్వాత జరిగినవేవీ నీకు తెలియవు. ఒకందుకు మంచిదే. నా నోటితో చెప్పే భాగ్యం నాకు దక్కింది. పోటీ మధ్యలో చిట్టికి సెలవు దొరికి ఇంట్లో ఉన్నప్పుడే నీ ఉత్తరం వచ్చింది, అదీ చదివింది. "ఎదుటివాళ్లను ఎగతాళి చేసే పిల్ల నా గడప తొక్కక్కర్లేదు" అని రాసి, కింద ఒక గీత గీశావు చూడు, ఆ గీత కాగితం వెనక్కి దిగింది. చిట్టి దాన్ని వేలితో తడుముకుంది. అసలే అది కత్తెర పట్టిన కొత్తలో తల వంచి ఇచ్చినదానివి నువ్వు. ఒక పక్క ఎలక కొరికినట్టు కత్తిరిస్తే, ఆ తలతోనే పెళ్లికి వెళ్లి, అడిగినవాళ్లందరికీ "మా మేనకోడలు చేసింది" అని చెప్పుకున్నావు. అలాంటి నువ్వు అలా రాశావంటే, దానికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

నువ్వు అడిగినవి మూడు. వరసగా చెబుతాను, మూడోది మాత్రం కాస్త ఆగి.

మొదటిది, పోటీలో దానితో తలపడ్డ ఆ పొడుగమ్మాయి కత్తిరిస్తుంటే చిట్టి ఎందుకలా ఒక కన్ను మూసి, మూతి పక్కకు తిప్పి, తల వంచి చూసింది అని. అక్కయ్యా, నువ్వు మన నాన్న కూతురివేనా? చెంపల మీది జుట్టు రెండువైపులా సమంగా వచ్చిందో లేదో చూడాలంటే ఆయన ఏం చేసేవాడు? ఒక కన్ను మూసేవాడు. మూతి దానంతటదే పక్కకు పోయేది. అన్నం గిన్నె మీద మూత సరిగ్గా కూర్చుందా అన్నది కూడా అలాగే చూసేవాడు, నువ్వు నవ్వి దెబ్బలు తినేదానివి. ఆ చూపు ఆయన నుంచి నాకు, నా నుంచి దానికి వచ్చింది. అది అప్పుడు చూస్తున్నది పొడుగమ్మాయిని కాదు, ఎదురుగా అద్దంలో తాను కత్తిరిస్తున్న తలని. పోటీ కార్యక్రమంలో అయితే అద్దం, తల అన్నీ కనిపించాయి. ఆ పోటీ అయ్యాక వేస్తారే, సోఫాలో కూర్చుని పోటీ గురించి మాట్లాడుకునే కబుర్లు, అక్కడ అద్దం కోసేశారు. ముఖం ఒక్కటే మిగిలింది. పోటీ వంటైతే ఆ సోఫా కబుర్లు తాలింపు. తాలింపు ఘాటుగా ఉండకపోతే జనానికి తుమ్ము రాదు కదా.

రెండోది, పొడుగమ్మాయి కన్నీళ్లు పెట్టుకున్నది చిట్టి వల్లేనా అని. జుట్టు మీద కొట్టే మందు ఆ పిల్ల కళ్లలో పడింది. నీళ్లు పట్టి తుడిచింది ఎవరనుకున్నావు? చిట్టే. వాళ్లిద్దరిదీ ఒకే గది, ఒకే కంచం. ఒకరు చెప్పుల జత మరిచిపోతే ఇంకొకరివి వేసుకునే స్నేహం. తుడవడం చూపించలేదు, నీళ్లు చూపించారు.

ఇక పోటీ ఏమైందంటావా? పొడుగమ్మాయికి మొదటి స్థానం, మన చిట్టికి రెండోది. న్యాయమైన తీర్పే. చివరి రోజు ఆ పిల్ల కత్తెర ఆడించిన తీరు చూసి నా చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి. నీ మరదలు మోచేత్తో పొడిచింది, "మీరు ఏ పక్క మనిషండీ" అని. పనికి పక్కలేముంటాయి?

ఇప్పుడు మూడోది. "పరాయివాళ్లు వంద చెప్పినా నమ్మేదాన్ని కాదు. 'పగబడుతుంది, అణిచేదాకా వదలదు' అన్నది నీ గొంతే కదా. కన్నతండ్రే అన్నాక నేనేం చెయ్యను?" అని రాశావు. ఇందాకటి నుంచి దీని చుట్టూ తిరుగుతున్నాను, నీకు తెలిసే ఉంటుంది.

ఆ గొంతు నాదే అక్కయ్యా.

సోఫా కబుర్లవాళ్లు కెమెరా పట్టుకుని మన షాపుకి వచ్చారు. వాళ్లలో ప్రశ్నలు అడిగే అమ్మాయి ఒకతె, మంచి నవ్వుముఖం. మీ అమ్మాయి పట్టుదల ఎలాంటిదని అడిగింది. సంతోషమొస్తే నా నోరు ఆగదని తెలుసు కదా. "నడినెత్తి మీద సుడి కనబడితే చాలమ్మా, దాని మీద పగబడుతుంది. అణిచేదాకా వదలదు" అన్నాను. ఎంత దువ్వినా లేచి నిలబడే ఆ వెంట్రుకల సుడి గురించి నీకు నేను చెప్పాలా, మన ఇంట్లో పుట్టినదానివి. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. చివరి మాటలు భలే ఉన్నాయి బాబాయిగారూ, అవి మాత్రం మళ్లీ అనండి అంది. అన్నాను. కాస్త గంభీరంగా అనమంది. కనుబొమలు ముడిచి అన్నాను. వేలు చూపిస్తూ అనమంది. అదీ చేశాను. వెనక గదిలోంచి నీ మరదలు "ఇక చాల్లెండి, షాపులో మనిషి కూర్చుని ఉన్నాడు" అని పిలుస్తున్నా, ఇంకోసారి నా అంతట నేనే అన్నాను. పొగడ్తకి లొంగని తల ఏది చెప్పు.

తీరా టీవీలో వచ్చేసరికి నా మాటల్లో సుడి లేదు. పొడుగమ్మాయి కన్నీళ్లు, చిట్టి మూసిన కన్ను, వాటి మీద నా గొంతు, వెనక డప్పులు. చిట్టి నన్నేమీ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. షాపుకి వచ్చేవాళ్లు తగ్గారు, వచ్చినవాళ్లు "మా మీద పగబట్టకండయ్యా" అని ఎకసెక్కాలు. అదీ ఓర్చుకున్నాను. నీ ఉత్తరం మీద దాని వేలు తిరగడం మాత్రం చూడలేకపోయాను.

పోటీ ముగిశాక చివరి సోఫా కబుర్లకు ఇంటివాళ్లను కూడా పిలిచారు. అది అప్పటికప్పుడు జనానికి వెళ్లే కార్యక్రమం, కోసి అతికించడానికి లేదు. మొదలవడానికి ముందు పక్క గదిలో ప్రశ్నలమ్మాయి మాకు వరస చెప్పింది. చిట్టి ఒకవైపు నుంచి, పొడుగమ్మాయి ఒకవైపు నుంచి రావాలట. ఆగి, నేల చూపులు చూడాలట. నేను వెళ్లి వాళ్ల చేతులు కలిపితే సంగీతం వేస్తారట. ఒకసారి చేసి చూడమంది. ఇద్దరూ ఎదురుపడగానే నవ్వు ఆపుకోలేకపోయారు. పొడుగమ్మాయి అయితే గోడకు ఆనుకుని కూలబడింది.

నవ్వు ఆగాక చిట్టి అడిగింది: "లేని గొడవకి రాజీ ఎలా పడతామండీ?"

గొడవ ఉందని జనం అనుకుంటున్నారు కదా, రాజీ అయిపోతే మీకే మంచిదని ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. ఆమె తప్పనను, ఆమె జీతం ఆమెది. నాకూ అదే మంచిదనిపించింది. "ఒప్పుకోవే తల్లీ, మీ అత్తయ్య కూడా చల్లబడుతుంది" అన్నాను.

"రాజీ పడితే కొట్టుకున్నామనేగా నాన్నా. అత్తయ్యకి అదే ఖాయమైపోతుంది."

అంతే అంది. జనం అనుకునేదాంతో దానికి పనిలేదు అక్కయ్యా, నువ్వేం అనుకుంటావన్నదే దాని బెంగ. ఆ మాటతో నా నోటికి పట్టిన తుప్పు వదిలింది.

దీపాలు వెలిగాయి, కబుర్లు మొదలయ్యాయి. సోఫాలో కూర్చుని కార్యక్రమం నడిపే ఆయన, తలకు మెరుపు నూనె పట్టించుకుని నిగనిగలాడుతున్నాడు, నావైపు తిరిగి మీ అమ్మాయి పగ గురించి మీరే చెప్పారు కదా అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "చెప్పాను బాబూ. మనిషి గురించి కాదు, సుడి గురించి. మీవాళ్లు ఆ మాట వదిలేసి మళ్లీ అనమంటే, బాగుందన్నారని నాలుగైదు సార్లు అన్నాను. తప్పు నాది కూడా" అన్నాను. ఆయన తేరుకుని, ఇంతకీ సుడంటే ఏమిటండీ అన్నాడు.

అదృష్టం ఎలా ఉంటుందో చూడు. అంత నూనె పెట్టినా ఆయన నెత్తి మీద సుడి కోడితోకలా లేచి ఉంది. "మీ తల మీద ఉందే, అదే" అన్నాను.

ఆయన పక్కనే చిట్టి కూర్చుని ఉంది. ఆ మాట వినగానే ఆయన నెత్తివైపు తిరిగింది. తల వంచింది, ఒక కన్ను మూసింది, మూతి పక్కకు పోయింది. తాను చేస్తున్నది దానికే తెలియదు. వెనక గోడంత తెర మీద ఆ ముఖం. అదే చూపు, వెంట్రుకవాసి తేడా లేదు.

పొడుగమ్మాయి ఎగిరి లేచింది. "ఇదేనండీ ఆ ముఖం. మా గదిలో పటం వంకరగా ఉన్నా ఇలాగే చూస్తుంది" అంది.

ఇక నవ్వులు అక్కయ్యా, నవ్వులు. ఆయన నెత్తి తడుముకుని తనూ పగలబడి నవ్వాడు, "అయితే పగ నామీదన్నమాట" అని. కత్తెరలు అక్కడే ఉన్నాయి. తెల్లగుడ్డ కప్పి, పొడుగమ్మాయి దువ్వెన పట్టుకుంటే చిట్టి సుడి సంగతి తేల్చింది. రాజీ కోసం సిద్ధం చేసుకున్న సంగీతం వేయడం అందరూ మరిచిపోయారు. ప్రశ్నలమ్మాయి కెమెరా పక్కన నిలబడి కళ్లు తుడుచుకోవడం చూశాను. అవి మందు నీళ్లు కావు, నవ్వు నీళ్లే.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో చిట్టి నావైపు చూసింది. "నిజంగా అన్నిసార్లు చెప్పావా నాన్నా?"

"మూడోది బాగా వచ్చిందన్నారమ్మా."

కిటికీ అద్దం అదిరేలా నవ్వింది. చాలాసేపు నవ్వి, బయటికి చూస్తూ, "అత్తయ్య టీవీ తిప్పి పెట్టకపోతే బాగుండేది" అంది.

ఇదీ సంగతి. ఇప్పుడు షాపులో కుర్చీ ఖాళీ ఉండటం లేదు. వచ్చినవాళ్లంతా ముందు నెత్తి చూపించి, సుడి ఉందేమో చూడమంటున్నారు. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, తీరిగ్గా, తనివితీరా తిట్టు. ఆ తర్వాత మాత్రం ఈ కింద రాసినవాళ్లందరికీ నువ్వే చెప్పాలి. మనవాళ్లలో నీ మాట దాటేవాడు ఇంకా పుట్టలేదు.

ఇట్లు,
నీ గారాల తమ్ముడు

చెప్పవలసినవాళ్లు:

బావగారికి, అందరికంటే ముందు. ఆయన మొదటి నుంచీ నమ్మలేదట కదా, నీ భయానికి నోరు మెదపలేదట.

పిన్నికి. చెవి దగ్గరికి వెళ్లి చెప్పు, లేకపోతే ఓడిపోయిందని వింటుంది.

బాబాయి పెద్దకొడుక్కి. మన షాపు మానేసి వేరేచోట కత్తిరించుకుంటున్నాడు. చెంపలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, అది కూడా చెప్పు.

మేనత్త కూతుళ్లిద్దరికీ. ఒకరికి చెబితే చాలు, చెడ్డకబురును ఊరంతా మోసినవాళ్లు మంచికబురును కూడా కాస్త మొయ్యనీ.

మీ వియ్యపురాలికి, ఆమె అడిగేదాకా ఆగకుండా.

ఆఖరున చిట్టికి. జరిగిందంతా దానికి తెలుసు. నీకు తెలిసిందన్నది ఒక్కటే ఇంకా తెలియదు.