బళ్లారి నుంచి తెచ్చిన కబురు

శ్రావణ శనివారం

నాయనకు నాలుగు రోజులుగా చుక్క మూత్రం రాలేదు. తన వైద్యంలో ఎన్నడూ చూడని వాపుగడ్డ ఒకటి నడుము లోపల మూత్రనాళాలను నొక్కేసి, మూత్రపిండాలను పనిచేయనివ్వడం లేదని బళ్లారి డాక్టరు అన్నారు. మొన్న కోసి నాళాలను విడిపించారు. ఈ ఉదయం మంచం పక్కన సీసా నిండింది.

ఆ కబురుతో ఆదోనిలో రైలు దిగి, బస్సులో ఎమ్మిగనూరు చేరాను. మగ్గాలు ఆపి వీధంతా మా గడప ముందుకు వచ్చింది. ఆడవాళ్ల ముందు ఆ మాట ఎట్లా చెప్పేది? సిగ్గుతో తల దించుకున్నాను. నాయన పోయాడనుకుని అమ్మ కూలబడింది.

"నాయన ఉచ్చ పోసినాడమ్మా!" అని అరిచాను.

"అది సెప్పేకి అంత సిగ్గేమిరా, కొత్త పెళ్లికూతురా?" అని పక్కింటి అవ్వ వీపు మీద చరిచింది. ఏడుస్తూనే అమ్మ నవ్వింది.

గడ్డ మళ్లీ నాళాలను నొక్కవచ్చని డాక్టరు అన్నది అమ్మకు ఇంకా చెప్పలేదు. దేవుడా, ఈరన్నస్వామీ, ఈరోజుకు ఆ సీసా చాలు.