వాగు దాకా నాపరాళ్ల బాట

జూన్ 9
వినుకొండ వాగు పక్కన పార్కు పని మొదలైంది. జేసీబీ వచ్చి గట్టుకు కట్టిన సిమెంటు గోడ పగలగొట్టింది. మురుగును పైపులోకి మళ్లించి, గట్టును ఏటవాలు చేసి, వట్టివేరు నాటుతారట. నీళ్ల దాకా వీల్‌చైర్ వెళ్లేలా ర్యాంప్ కూడా వేస్తారట! బైక్ యాక్సిడెంట్ తర్వాత మగ్గం వర్క్ చట్రమే నా లోకం. కొలతల కోసం మున్సిపల్ ఇంజనీర్ జాహ్నవి గారు నన్నే నా చక్రాల కుర్చీలో గట్టంతా తిప్పారు. పాదాల నిండా చీమలు పాకాయి. అమ్మీ దులిపేదాకా నాకు తెలియనే లేదు.

ఆగస్టు 27
ర్యాంప్ మీద నాపరాళ్లు పరిచారు. పాలిష్ వైపు పైకి పెట్టి, అద్దంలా. మా ఊళ్లో వరండాకైనా అంతే. నేనూ మురిసిపోయాను.

ఆగస్టు 28, సాయంత్రం
వాన వెలిశాక ర్యాంప్ దిగబోయి జారిపోయాను. వెనక పట్టుకున్న తమ్ముడు అల్తాఫ్ కూడా జారాడు. బ్రేక్ వేసినా కుర్చీ ఆగలేదు. వట్టివేరు దుబ్బుల్లో ఇరుక్కోబట్టి బతికాను.
మున్సిపల్ కమిషనర్ గారు ర్యాంప్‌కు గేటు పెట్టి తాళం వేయమన్నారట. సేఫ్టీ అట. నాకోసం వేసిన బాటకు నన్ను చూసే తాళమా! ఒళ్లు మండిపోయింది. తర్వాత ఏడ్చాను.

ఆగస్టు 29
రాళ్లు తిరగేసి గరుకు వైపు పైకి పరిస్తే చాలని జాహ్నవి గారు అన్నారు. మేస్త్రీ యల్లమంద బాబాయికి రోషమొచ్చింది. ఏందమ్మాయ్, చుట్టాలొస్తే చీర తిరగేసి కట్టుకుంటామా, ఊరంతా నవ్వరా అన్నాడు. తిరగేస్తేనే నేను గడప దాటేది బాబాయ్ అన్నాను.

ఆగస్టు 31
రాళ్లు తిప్పలేదు. గేటు మాత్రం బిగించారు. తాళం రేపు.

సెప్టెంబర్ 1
పొద్దున్నే యల్లమంద బాబాయి వచ్చి నా కుర్చీ ఇమ్మన్నాడు. తనే కూర్చుని, తడి రాళ్ల మీద వదలమన్నాడు. కాస్త జారాడో లేదో, ఒరేయ్ అల్తాఫూ, పట్టుకోరా, చచ్చేట్టున్నానని ఒకటే కేక! నవ్వలేక చచ్చాను. దిగి, తలపాగాతో ముఖం తుడుచుకుని, చానా భయమేసింది తల్లీ అన్నాడు. మధ్యాహ్నానికి గడ్డపార తెచ్చి రాళ్లు లేపడం మొదలుపెట్టాడు. అది తెలిసి కమిషనర్ గారు తాళం ఆపించారు.

సెప్టెంబర్ 6
రాళ్లు తిరగేసిన బాట మీద నీళ్లు పోసి, నడుమ బ్రేక్ వేశాం. కుర్చీ ఆగింది. గేటు ఊడదీశారు. అమ్మయ్య.

సెప్టెంబర్ 7
వాగులో పాదాలు పెట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో తెలియలేదు. వంగి చెయ్యి పెట్టి చూశాను.
చల్లగానే ఉన్నాయి.