వెడల్పు అంచుల బైబిలు

ఏమండీ,

బడికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారట, మిమ్మల్ని లేపకుండానే వెళ్తున్నాను. రొయ్యల ఇగురు గూట్లో పెట్టేను. తిన్నాక తలుపు వెయ్యండి, పిల్లి కాచుకుని ఉంది.

పుస్తకాల దేవసహాయంగారు చూసుకోమని ఇచ్చిన రెండు బైబిళ్ళలో ఒకటి వెనక్కి పట్టుకెళ్ళడానికి పదింటికి వస్తారు. మీకు నచ్చినదే వెనక్కి ఇచ్చెయ్యండి. దాన్లో ప్రతి పేజీ కిందా వివరాలు అచ్చేసి ఉన్నాయని, "నేను మస్కట్ వెళ్ళేక నీకు అర్థం చెప్పేవాళ్ళుండాలిగా" అన్నారు మీరు నిన్న ప్రార్థనయ్యేక. ఆయ్, ఉండాలి. కానీ ఆ వివరాలు రాసిన పండితులెవరో నాకు తెలీదండీ. చేప మింగిన యోనా సంగతి చెప్తూ వాళ్ళు మీలా నవ్వరు. నాకు కునుకు పడితే నెత్తిన మొట్టరు.

వెడల్పు అంచులున్నది ఉంచండి. శుక్రవారం బస్సెక్కేలోగా, నాకు చెప్పిన చోటల్లా మీ మాటే పెన్సిలుతో ఆ అంచుల్లో రాయండి. అక్షరం బాగోదని వంక పెట్టకండి. పోయినసారి మూడేళ్ళూ మీ ఉత్తరాలు చదువుకునే కదా బతికేను.

మార్త

పరమగీతంలోని ప్రేమ పాటల దగ్గర మాత్రం ఏమీ రాయకండి. అది మీరొచ్చేక చెబుదురుగాని.